అంటు కట్టినంత తేలిక కాదు

(జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి జయంతి సందర్భంగా భీమవరంలో ఒక విశ్రాంత వైద్య ఆచార్యుడు చేసిన ప్రసంగానికి రాతరూపం. మాట్లాడిన తీరును పెద్దగా మార్చలేదు.)

అందరికీ నమస్కారమండి. వెనక కూర్చున్నవాళ్ళకి వినబడుతోందా? సరే. మైకు కాస్త దూరంగా పెట్టుకుంటాను, క్లాసు రూముల్లో అరిచి అరిచి పెరిగిన గొంతు ఇది.

నన్ను సుబ్బారావు గారి గురించి మాట్లాడమన్నారు. ఈ ఊళ్ళో ఆయన గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? 1895 జనవరి 12న ఇక్కడే పుట్టారని బడికెళ్ళే పిల్లలకి కూడా తెలుసు. అందుకని పక్కదారి పట్టాను. అవయవ మార్పిడి గురించీ, మూలకణాల గురించీ మాట్లాడతాను. ఆ దారిలోనే ఆయన ఒకటి రెండు చోట్ల ఎదురొస్తారు, చూడండి.

నిన్న రాజమండ్రి నుంచి వస్తూ కడియపులంక దగ్గర ఒక నర్సరీలో ఆగాను. కుర్రాడు మామిడి అంట్లు కడుతున్నాడు. టెంక నుంచి మొలిచిన మొక్కని జానెడెత్తున కోశాడు, మధ్యలో చీల్చాడు, బంగినపల్లి పుల్లని ఆప్పులా చెక్కి అందులో దూర్చి ప్లాస్టిక్ రిబ్బను చుట్టేశాడు. నిమిషం కూడా పట్టలేదు. నూటికి ఎన్ని బతుకుతాయయ్యా అని అడిగితే నవ్వి, "చెయ్యి మంచిదైతే అన్నీనండి" అన్నాడు.

నాకు ఈర్ష్య కలిగింది. మా సర్జన్ల చెయ్యి ఎంత మంచిదైనా ఆ మాట అనలేరు. ఎందుకంటే మామిడి మొక్కకి, పైన కట్టిన కొమ్మ ఎవరిదో పట్టదు. దాని ఒంట్లో తిరుగుతూ "నువ్వెవరు, ఏ ఊరు, ఎవరి తాలూకు" అని అడిగే కణాలు లేవు. మనకున్నాయి. తెల్లరక్తకణాల్లో టి-కణాలని ఒక జాతి ఉంది. అవి పుట్టుకతోనే పల్లెటూరి అరుగు మీద కూర్చున్న పెద్దమనుషులు. కొత్త మొహం కనబడితే వదలవు. దాదాపు ప్రతి కణం పైనా ఊరి పేరూ ఇంటి పేరూ రాసిన చీటీలాంటివి కొన్ని ప్రొటీన్లు ఉంటాయి, వాటినే హెచ్‌ఎల్‌ఏ అంటాం. ఆ చీటీ తేడాగా ఉంటే, వచ్చింది ప్రాణం పోసే కిడ్నీయే అయినా సరే, తరిమేస్తాయి. ఆస్పత్రి భాషలో దాన్నే రిజెక్షన్ అంటారు.

రక్తనాళాన్ని రక్తనాళానికి కలిపి కుట్టే విద్య మనిషికి వందేళ్ళ క్రితమే వచ్చింది. అలెక్సిస్ కారెల్‌కి 1912లో నోబెల్ ఇచ్చింది అందుకే. అయినా ఆ తర్వాత నలభై ఏళ్ళ పాటు పెట్టిన కిడ్నీ పెట్టినట్టే పాడైపోతూ వచ్చింది. కుట్టులో లోపమేమీ లేదు. అవయవ మార్పిడి చరిత్ర అంటే సర్జరీ చరిత్ర అనుకుంటారు చాలామంది. నాకు మాత్రం అది "తనదీ, పరాయిదీ" అన్న పేచీని మనిషి ఎలా తీర్చుకుంటూ వచ్చాడన్న చరిత్రలా కనబడుతుంది.

మొదటి గెలుపు దొడ్డిదారిన వచ్చింది. 1954 డిసెంబర్ 23, బోస్టన్ నగరం. రిచర్డ్ హెరిక్ అనే యువకుడి రెండు కిడ్నీలూ పాడైపోయాయి. అతనికి రొనాల్డ్ అనే కవల ఉన్నాడు, అచ్చుగుద్దినట్టు ఒకే పోలిక. డాక్టర్ జోసెఫ్ మర్రే ముందుగా ఒకరి చర్మం ముక్క ఇంకొకరికి అతికించి చూశాడు. అతుక్కుంది. అదీ చాలక, నిజంగా ఏకరూప కవలలేనా అని తేల్చుకోవడానికి పోలీస్ స్టేషన్‌కి పంపి వేలిముద్రలు తీయించారు. అక్కడ పత్రికలవాళ్ళ కంటబడి గుట్టు రట్టయిందనుకోండి, అది వేరే సంగతి. రొనాల్డ్ కిడ్నీ తీసి రిచర్డ్‌కి పెట్టారు. ఒంట్లోని పెద్దమనుషులు చీటీ చూశారు. ఊరూ అదే, ఇంటిపేరూ అదే. ఊరుకున్నారు. రిచర్డ్ కోలుకుని, తనకి సేవ చేసిన నర్సునే పెళ్ళి చేసుకుని, ఇద్దరు పిల్లల్ని కని, మరో ఎనిమిదేళ్ళు బతికాడు.

ఆ ఆపరేషన్ జరిగిన ఆస్పత్రి పేరు పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్. ఇక్కడ మన ఊరాయన మొదటిసారి ఎదురొస్తారు. 1922లో సుబ్బారావు గారు బోస్టన్‌లో దిగినప్పుడు చేతిలో డబ్బు లేదు. అక్కడ డాక్టరుగా పనిచెయ్యడానికి లైసెన్సూ లేదు. పొట్ట గడవడానికి రాత్రిపూట ఆ ఆస్పత్రిలోనే పోర్టరుగా చేరారు. రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని. ఈయన జీవిత చరిత్ర చదువుతున్నప్పుడల్లా నేను ఆ పేజీ దగ్గర ఒక్క క్షణం ఆగుతాను.

సరే, కవల ఉన్నవాడు అదృష్టవంతుడు. లేనివాడి మాటేమిటి? మొదట రోగి ఒంటికంతటికీ ఎక్స్‌రే కిరణాలు పట్టించారు, కాపలా కణాలన్నీ చస్తాయని. అవి చచ్చాయి. వాటితోపాటు చాలామంది రోగులూ పోయారు, చిన్న చిన్న ఇన్‌ఫెక్షన్లకే. ఇంటికి దొంగల భయం లేకుండా చెయ్యాలని ఇల్లే తగలబెట్టుకున్నట్టయింది.

తర్వాతి మందు క్యాన్సర్ వైపు నుంచి వచ్చింది. దాని వెనకున్న కిటుకు మీకు చెప్పాలి. కణం రెండుగా చీలాలంటే తన జన్యుపదార్థానికి నకలు తీసుకోవాలి. ఆ నకలుకి కావలసిన ముడిసరుకు లాగే వేషం వేసుకున్న నకిలీ సరుకు అందించామనుకోండి, కణం దాన్ని నమ్మి వాడుకుని మధ్యలో ఆగిపోతుంది. క్యాన్సర్ కణాలు వేగంగా చీలుతాయి కనక ముందు అవి మోసపోతాయి. సుబ్బారావు గారి ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లానికి ఇలాంటి మారువేషాలు తయారయ్యాయి. అమినోప్టెరిన్, ఆ తర్వాత మెథోట్రెక్సేట్. 1948లో సిడ్నీ ఫార్బర్, మళ్ళీ బోస్టన్‌లోనే, అమినోప్టెరిన్‌ని రక్తక్యాన్సర్ వచ్చిన పిల్లలకి ఇచ్చి జబ్బు తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గుతుందని మొదటిసారి చూపించాడు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు పోయారు.

రెచ్చిపోయిన టి-కణం కూడా వేగంగా చీలే కణమే కదా! ఈ సంగతి తట్టిన దగ్గర్నుంచి కథ మలుపు తిరిగింది. గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ తయారుచేసిన 6-మెర్కాప్టోప్యూరిన్, దాని చెల్లెలు అజథయోప్రిన్ ఇలాంటి మారువేషపు మందులే. 1962లో అజథయోప్రిన్ ఆసరాతో, రక్తసంబంధం లేని చనిపోయిన మనిషి కిడ్నీని మర్రే బృందం మరొకరికి విజయవంతంగా పెట్టగలిగింది.

ఆ తర్వాతి పెద్ద మందులు మట్టిలో దొరికాయి. మాట వరసకి అనడం లేదు, నిజంగా మట్టే. స్విట్జర్లాండ్‌లో శాండోజ్ అనే మందుల కంపెనీ తన ఉద్యోగులకి ఒక పని అప్పగించేది: సెలవలకి ఎక్కడికెళ్ళినా గుప్పెడు మట్టి పట్టుకురావాలి. అలా నార్వేలోని హర్డంగర్‌విడ్డ పీఠభూమి నుంచి వచ్చిన మట్టిలో ఒక బూజు దొరికింది. 1972లో దాని నుంచి తీసిన పదార్థం టి-కణాలని చంపకుండానే నోరు మూయిస్తుందని తేలింది. అదే సైక్లోస్పోరిన్. 1983లో అమెరికాలో అనుమతి వచ్చాక గుండె, కాలేయం మార్పిళ్ళు మామూలు వైద్యంగా మారాయి. 1984లో జపాన్‌లోని త్సుకుబా మట్టిలో టాక్రోలిమస్ దొరికింది. ఇవాళ మీ బంధువుల్లో కిడ్నీ మార్పిడి జరిగినవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళ మందుల డబ్బాలో దాదాపుగా అదే ఉంటుంది. ఈస్టర్ దీవి మట్టిలోంచి రాపమైసిన్ వచ్చింది. దాన్ని బయటికి తీసినవాడు దేశవిభజనకి ముందు ఇప్పటి పాకిస్తాన్‌లో పుట్టిన సురేంద్రనాథ్ సెహగల్. కంపెనీ ఆ పరిశోధన మూసేస్తే, దాన్ని తయారుచేసే బ్యాక్టీరియాని ఇంటికి పట్టుకెళ్ళి ఫ్రిజ్‌లో ఐస్‌క్రీం పక్కన దాచుకున్నాడట! ఇంట్లో ఆవిడ ఏమందో చరిత్రలో లేదు.

ఈ మందులు లేకపోతే అవయవ మార్పిడే లేదు. కానీ జీవితాంతం మింగాలి. ఇన్‌ఫెక్షన్ల భయం, కొన్ని క్యాన్సర్ల భయం పెరుగుతాయి. షుగరు రావచ్చు. అన్నిటికంటే చేదు నిజం ఏమిటంటే, కిడ్నీని కాపాడటానికి ఇచ్చే టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ ఏళ్ళ తరబడి వాడితే ఆ కిడ్నీనే మెల్లగా కొరుకుతాయి. కాపలాకి పెట్టినవాడే గాదె కింద కన్నం వేసినట్టు. అందుకే ఆ పెద్దమనుషుల నోరు మూయించడం కాకుండా, వాళ్ళ మనసు మార్చే దారి ఏదైనా ఉందా అన్న వెతుకులాట మొదటినుంచీ సాగుతూనే ఉంది. ఆ దారి మూలకణాల వీధిలోంచి పోతుంది.

మూలకణం అంటే ఏమిటి? మనందరి ఒంట్లో రోజుకి సుమారు 20 వేల కోట్ల ఎర్రకణాలు కొత్తగా తయారవుతాయి. పాతవి సుమారు అన్నే చస్తాయి. ఈ కార్ఖానా ఎముకల లోపలి మూలుగలో నడుస్తుంది. మాంసాహారులు మొహమాటపడనక్కర్లేదు, మీరు ఇష్టంగా పీల్చే ఆ నల్లి ఎముక సంగతే చెబుతున్నాను. అక్కడ కొన్ని తల్లికణాలు ఉంటాయి. అవి చీలితే ఒక పిల్ల రక్తకణంగా మారే దారి పడుతుంది, ఇంకోటి తల్లిలాగే మిగులుతుంది. విత్తనపు గింజ అట్టేపెట్టుకుని మిగతాది వండుకునే రైతు లెక్క. ఇలాంటి కణాలు ఉన్నాయని 1961లో టొరంటోలో టిల్, మెకల్లక్ ఎలుకల్లో చూపించారు.

వీటిని ఒకరి నుంచి ఇంకొకరికి ఇస్తే? ఇందులో సర్జరీ లేదండి. ఇది వినగానే చాలామంది ఆశ్చర్యపోతారు. బోన్‌మారో ట్రాన్స్‌ప్లాంట్ అంటే ఎముక కోసి పెడతారనుకుంటారు. దాత నుంచి తీసిన మూలకణాలని సంచీలో పోసి, రక్తం ఎక్కించినట్టే రక్తనాళంలోకి ఎక్కిస్తారు. అవి రక్తంలో తిరిగి తిరిగి, తమంతట తామే మూలుగ ఎక్కడుందో కనిపెట్టి అందులో చేరతాయి. చెంచాడు పెరుగు తోడేస్తే కుండెడు పాలు తోడుకున్నట్టు, రెండు మూడు వారాల్లో కొత్త రక్తం మొదలవుతుంది. దాత బ్లడ్ గ్రూపు వేరేదైతే రోగి గ్రూపు కూడా మారిపోతుంది. ఎడ్వర్డ్ డొనాల్ థామస్ 1950ల నుంచి వరసగా రోగులు చనిపోతున్నా, సాటి డాక్టర్లు ఇక ఆపవయ్యా అంటున్నా పట్టు వదలకుండా దీన్ని సాధించాడు. 1990లో మర్రేకీ ఆయనకీ కలిపి నోబెల్ వచ్చింది.

ఇక్కడ ఒక తమాషా ఉంది. కిడ్నీ మార్పిడిలో ఇంటివాళ్ళు అతిథిని తరుముతారు. మూలుగ మార్పిడిలో తిరగబడుతుంది. మనం ఎక్కించింది కాపలాదార్లనే కదా! ఆ కొత్త కాపలాదార్లు రోగి చర్మాన్ని, పేగుల్ని, కాలేయాన్ని చూసి "మీరెవరు?" అంటారు. అద్దెకొచ్చినవాడు ఇంటాయన్ని గెంటినట్టు. దీన్ని జీవీహెచ్‌డీ అంటారు. మూలుగ మార్పిడి వార్డుల్లో డాక్టర్లకి నిద్ర పట్టనివ్వనిది ఇదే. దీన్ని ఆపడానికి సియాటిల్‌లో థామస్ బృందం కుదిర్చిన పద్ధతి ఒకటుంది: సైక్లోస్పోరిన్‌కి తోడు, కణాలు ఎక్కించాక 1వ రోజు, 3వ రోజు, 6వ రోజు, 11వ రోజు కొద్ది కొద్దిగా మెథోట్రెక్సేట్. కొత్త కణాలు రోగి ఒంటిని చూసి రెచ్చిపోయి చీలడం మొదలుపెట్టే సమయానికి సరిగ్గా అందుతుంది. ఆ మందుతో సుబ్బారావు గారు మళ్ళీ ఎదురొచ్చింది ఇక్కడండి. ఇప్పటికీ ఆ నాలుగు సూదులు ప్రపంచమంతటా వాడుతూనే ఉన్నారు. సూది వేసే నర్సుకి భీమవరం పేరు తెలియకపోవచ్చు.

దాత ఎవరు? తోడబుట్టినవాళ్ళలో పూర్తిగా జోడీ కుదిరే అవకాశం నాలుగింట ఒకటి. ఇప్పుడు ఇంట్లో ఇద్దరు పిల్లలే, చాలాచోట్ల ఒక్కరే. బయట వెతకాలంటే దాతల రిజిస్ట్రీలు ఉన్నాయి. ప్రపంచం మొత్తం మీద 4 కోట్ల మందికి పైగా పేర్లు ఇచ్చారు. మన దేశంలో పేరిచ్చినవాళ్ళు కొన్ని లక్షల మందే. మన చీటీలు మనవాళ్ళలోనే కలుస్తాయి. జర్మనీలో ఎంతమంది పేర్లిస్తే మన పిల్లాడికి ఏం లాభం? ఈ కొరతలో ఒక మంచి కబురు, సగం జోడీతో చేసే మార్పిడి. అమ్మో నాన్నో ఎప్పుడూ సగం కలుస్తారు. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ డాక్టర్లు, కణాలు ఎక్కించాక మూడో రోజునా నాలుగో రోజునా సైక్లోఫాస్ఫమైడ్ ఇచ్చి, రెచ్చిపోయిన టి-కణాలని మాత్రమే ఏరిపారేసే పద్ధతి కనిపెట్టారు. మందు పాతదే, చవకైనదే. మన దేశానికి ఇంతకంటే పనికొచ్చింది ఈమధ్య ఇంకోటి లేదని నా అభిప్రాయం.

తలసీమియా, అంటే పుట్టుకతో వచ్చే రక్తజబ్బు, ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఈ సభలో ఉంటే వాళ్ళకోసం ఒక మాట. ఈ జబ్బుకి మూలుగ మార్పిడి 1980ల మొదటినుంచే ఉంది. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు, ఒంట్లో ఐరన్ పేరుకోకముందు చేస్తే ఫలితం బాగుంటుంది. కోల్ ఇండియా డబ్బుతో నడిచే బాల సేవా యోజన కింద అర్హులకి 10 లక్షల రూపాయల దాకా సాయం అందుతుంది. ఇక జన్యువుల్ని కత్తిరించి బాగుచేసే కొత్త చికిత్స ఒకటి ఈ జబ్బుకి 2023 చివర్లో బ్రిటన్‌లో, 2024 జనవరిలో అమెరికాలో అనుమతి పొందింది. పేరు క్యాస్‌జెవీ. రోగి సొంత మూలకణాలే తీసి, సరిచేసి, తిరిగి ఎక్కిస్తారు కనక పరాయి పేచీ లేదు. వెల మనిషికి 22 లక్షల డాలర్లు. కాబట్టి దాన్ని గురించి ఇంతకుమించి మాట్లాడను. పెళ్ళికి ముందో, గర్భం వచ్చిన తొలి నెలల్లోనో, తలసీమియా లోపం మీలో దాగి ఉందేమో చెప్పే హెచ్‌బీఏ2 అనే రక్తపరీక్ష చేయించుకోండి. మేనరికాలు ఉన్న ఇళ్ళల్లో మరీనూ.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. 1945లో అమెరికాలో రే ఓవెన్ అనే ఆయన ఆవుల రక్తం పరీక్షిస్తుంటే ఒక వింత కనబడింది. కవల దూడల్లో, అవి వేరువేరు పోలికలవైనా సరే, ఒక్కోదాని ఒంట్లో రెండు రకాల రక్తమూ తిరుగుతోంది. తల్లి కడుపులో మాయలు కలిసిపోయి ఒకదాని మూలకణాలు రెండోదాంట్లో చేరి స్థిరపడ్డాయన్నమాట. పెరిగి పెద్దయ్యాక కూడా పేచీ లేదు. ఈ సంగతి చదివి పీటర్ మెడవార్ ఎలుకల్లో ప్రయత్నించాడు. పుట్టకముందే పరాయి కణాలు పరిచయం చేస్తే, పెద్దయ్యాక ఆ పరాయి ఎలుక చర్మాన్ని తనదే అనుకుంటుందని 1953లో చూపించాడు. అంటే "పరాయి" అన్నది రాసిపెట్టి ఉన్న తలరాత కాదు. కలిసి పెరిగితే నేర్చుకునేది. ఒకే చూరు కింద పెరిగిన పిల్లలు తోడబుట్టినవాళ్ళో కాదో పట్టించుకోరు చూడండి, అలా.

దీన్ని మనిషికి తేవడానికి యాభై ఏళ్ళు పైనే పట్టింది. కిడ్నీ ఇచ్చే మనిషి నుంచే మూలకణాలూ తీసుకుని ఎక్కిస్తే? రోగి రక్తంలో దాత కణాలు కాపురం పెడితే, ఆ కణాల మధ్య చదువుకున్న టి-కణాలు దాత కిడ్నీని కూడా మనదే అనుకోవాలి కదా! 2022 జూన్‌లో స్టాన్‌ఫర్డ్ నుంచి ముగ్గురు పిల్లల కథ వచ్చింది. వాళ్ళకి పుట్టుకతో వచ్చిన అరుదైన జబ్బు. రోగనిరోధక శక్తీ దెబ్బతింటుంది, కిడ్నీలూ పాడవుతాయి. ముందు అమ్మదో నాన్నదో మూలుగ ఎక్కించారు, జీవీహెచ్‌డీ తెచ్చే రకం టి-కణాలని ఏరేసి. కొన్ని నెలలాగి, అదే అమ్మ లేదా నాన్న కిడ్నీ పెట్టారు. ఆపరేషనైన 30 రోజులకి మందులన్నీ ఆపేశారు. ఆ కథ ప్రచురించేనాటికి రెండేళ్ళ చుట్టూ గడిచింది, మందు లేదు, రిజెక్షన్ లేదు.

మందు బిళ్ళ లేదండి! నేను వార్డుల్లో తిరిగిన రోజుల్లో ఎవరైనా ఈ మాట అంటే నవ్వి ఊరుకునేవాణ్ణి. అయితే ఇది అందరికీ రేపే వస్తుందని చెప్పను. ఆ పిల్లలకి మూలుగ మార్పిడి ఎలాగూ అవసరమే. ఉత్త కిడ్నీ జబ్బు ఉన్న యాభై ఏళ్ళాయనకి, మూలుగ మార్పిడిలో ఉన్న ప్రాణాపాయం తలకెత్తుకోమనడం న్యాయమా? ఆ తూకం ఇంకా తేలలేదు.

పేచీయే లేని ఇంకో దారి, ఎవరి కణం వాళ్ళకే. దీనికి దూరదేశం వెళ్ళక్కర్లేదు, హైదరాబాద్ వెళ్తే చాలు. కంటి నల్లగుడ్డు పైనున్న పారదర్శకమైన పొర ఎప్పటికప్పుడు అరిగి కొత్తది పుడుతూ ఉంటుంది. ఆ కొత్తదాన్ని పుట్టించే మూలకణాలు నల్లగుడ్డూ తెల్లగుడ్డూ కలిసే అంచులో, సన్నని వలయంలా ఉంటాయి. కంట్లో సున్నం పడితే ఆ అంచు కాలిపోతుంది. తాంబూలంలోకీ, పొగాకులోకీ అమ్మే సున్నం ప్యాకెట్టుని పిల్లలు నొక్కి ఆడుకుంటారు, అది చిట్లి కంట్లోకి చిమ్ముతుంది. ఫ్యాక్టరీల్లో యాసిడ్ ఉండనే ఉంది. అప్పుడు నల్లగుడ్డు మీదికి తెల్లటి పొర పాకుతుంది. మామూలుగా కార్నియా మార్చినా నిలవదు. పొలంలో విత్తనమే లేనప్పుడు మడికి ఎంత నీరు పెట్టి ఏం లాభం?

ఎల్.వి.ప్రసాద్ కంటి ఆస్పత్రిలో 2001 నుంచి దీనికి చికిత్స మొదలైంది. బాగున్న రెండో కంటి అంచు నుంచి చిన్న ముక్క తీసి, ప్రయోగశాలలో రెండు వారాలు పెంచి, పాడైన కంట్లో పరిచేవారు. మంచిదే, కానీ ప్రయోగశాల కావాలి, ఖర్చు కావాలి. తర్వాత వీరేందర్ సంగ్వాన్ బృందం ఒక చిన్న ప్రశ్న వేసుకుంది. కణాలు పెరగడానికి కంటికంటే మంచి ప్రయోగశాల ఏముంది? 2012లో ఆ పద్ధతిని ప్రచురించారు. రెండో కంటి అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క. దాన్ని ఎనిమిదో పదో తునకలు చేస్తారు. కాలిన కంటిమీద ఉమ్మనీటి సంచి పొర పరుస్తారు, కాన్పుల్లో బయట పారేసే పొరే అది. దానిమీద ఆ తునకల్ని జిగురుతో అంటిస్తారు. నారు నాటినట్టేనండి. ఆకుమడి వేరే అక్కర్లేదు, నేరుగా చేలోనే. అవి అక్కడే దుబ్బు కట్టి కంటిని కప్పేస్తాయి. ఒక్క గదిలో, ఒక్క పూటలో అయిపోతుంది. 2016లో వాళ్ళు 125 మంది లెక్క చెప్పారు, అందులో 76 శాతం కళ్ళలో ఆ పొర నిలిచింది. యూరప్‌లో ఇదే జబ్బుకి ప్రయోగశాలలో పెంచిన కణాలతో ఒక చికిత్సకి 2015లో అనుమతి ఇచ్చి పెద్ద వార్త చేశారు. మనవాళ్ళు జిగురూ కత్తెరతో చేశారు. నాకు గర్వంగా ఉంది, దాచుకోను.

కంటికి అంచు ఉంది సరే, గుండెకి అలాంటి నారుమడి లేదు. ఇన్సులిన్ కణాలకీ లేదు. అక్కడ జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనక వస్తాడు. 2006లో, క్యోటోలో, ఎలుక చర్మకణంలోకి నాలుగు జన్యువులు పంపి దాన్ని వెనక్కి నడిపించి మళ్ళీ పిండదశ కణంలా మార్చాడు. మరుసటి ఏడాది మనిషి కణాల్లోనూ. ముసలికణం పసిబిడ్డ కావడం! అలాంటి కణాన్ని కావలసినట్టు మలచవచ్చు. చైనాలో ఒక డయాబెటిస్ రోగికి ఆమె సొంత కణాల నుంచే ఇన్సులిన్ కణాలు తయారుచేసి పొట్ట కండరం పొర కింద పెట్టారు. రెండున్నర నెలలకి ఇన్సులిన్ సూది అక్కర్లేకపోయిందని 2024లో రాశారు. అమెరికా కంపెనీ వర్టెక్స్ పిండ మూలకణాల నుంచి తయారుచేసిన కణాలు 12 మందికి పూర్తి మోతాదులో ఇస్తే 10 మంది ఏడాది తర్వాత సూది లేకుండా ఉన్నారు. ఇదంతా టైప్-1 డయాబెటిస్ మాట. మన ఇళ్ళల్లో ఎక్కువగా ఉండే షుగరు వేరు, తొందరపడి ఆశ పెట్టుకోకండి.

పంది అవయవాల సంగతి రెండు ముక్కల్లో. జన్యువులు మార్చిన పంది గుండెని 2022 జనవరిలో మేరీల్యాండ్‌లో డేవిడ్ బెనెట్‌కి పెట్టారు, రెండు నెలలు బతికాడు. ఆ తర్వాత కిడ్నీలు పెట్టారు. 2025 జనవరిలో బోస్టన్‌లో ఒకాయనకి పెట్టిన పంది కిడ్నీ 271 రోజులు పనిచేసింది. అవయవం కోసం క్యూలో నిలబడినవాళ్ళకి ఇదొక ఆశ. కానీ మన దగ్గర క్యూ తగ్గించే దారి ఇంకా దగ్గర్లోనే ఉంది. బ్రెయిన్ డెడ్ అంటే కోమా కాదు. కోమాలో ఉన్నవాడు లేవచ్చు. బ్రెయిన్ డెడ్ అయినవాడి ఊపిరి యంత్రానిది. నలుగురు డాక్టర్లు, ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించాకే ఆ మాట అంటారు. అవయవదానాలు చూసే జీవన్‌దాన్ పథకం ఉమ్మడి రాష్ట్రంలోనే మొదలైంది. 2025 జనవరిలో హైదరాబాద్ మెట్రోలో ఎల్.బి.నగర్ నుంచి ఒక గుండెని 13 కిలోమీటర్లు, 13 స్టేషన్లు దాటించి 13 నిమిషాల్లో చేర్చారు. తీసిన గుండె మామూలుగా నాలుగు గంటలకి మించి ఆగదు. అక్కడి ట్రాఫిక్ చూసినవాళ్ళకి ఆ 13 నిమిషాల విలువ తెలుస్తుంది.

ఇక చివరగా, కోపంతో ఒక మాట. మూలకణాలన్న పేరు చెప్పి మోకాలి నొప్పికి, పక్షవాతానికి, ఆటిజానికి లక్షలు గుంజే క్లినిక్కులు నగరాల్లో బోలెడు. నా దగ్గరికి వచ్చిన ఒక తండ్రి ఆటిజం ఉన్న బిడ్డకోసం రెండెకరాలు అమ్మి వచ్చాడు. ఎవరు ఎక్కించారో, ఏం ఎక్కించారో రసీదులో కూడా లేదు. మన దేశపు వైద్య పరిశోధన మండలి, ఐసీఎంఆర్, 2017లోనే స్పష్టంగా రాసింది: రక్తానికి సంబంధించిన జబ్బులకి చేసే మూలకణ మార్పిడి తప్ప మిగతావన్నీ ఇంకా పరిశోధనలే. పరిశోధన అయితే రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఇది గుర్తు పెట్టుకోండి. డబ్బు అడిగాడంటే అది పరిశోధన కాదు, అనుమతి ఉన్న వైద్యమూ కాదు. బొడ్డుతాడు రక్తం దాచిపెట్టుకోమని కాన్పుకి ముందే వచ్చి భయపెట్టే ఏజెంట్ల విషయమూ అంతే. బిడ్డ తన రక్తం తనకే వాడుకోవడానికని దాచడంలో శాస్త్రీయమైన ఆధారం లేదని కూడా ఐసీఎంఆర్ చెప్పింది. పుట్టుకతో వచ్చిన జన్యులోపం ఉంటే అదే లోపం ఆ రక్తంలోనూ ఉంటుంది కదా.

నా టైము అయిపోయింది. ప్రశ్నలు ఉంటే అడగండి.

(ఒక మహిళ: మావారికి కిడ్నీ ఇమ్మంటున్నారండి. ఇచ్చినవాళ్ళకి ఏమీ కాదంటారా?)

చూడమ్మా, అన్ని పరీక్షలూ బాగుంటే ఒక్క కిడ్నీతో మామూలుగా బతకొచ్చు. నేను చెప్పిన రొనాల్డ్ 79 ఏళ్ళు బతికాడు. బీపీ, షుగరు ఉంటే మాత్రం వద్దు. ఇచ్చాక ప్రతి ఏడాదీ చూపించుకోవాలి. అది సైన్సు. ఇంకో లెక్క కూడా చెబుతాను. 1995 నుంచి 2021 వరకు మన దేశంలో నమోదైన 36,640 అవయవ మార్పిళ్ళలో ఆడవాళ్ళకి అందినవి 6,945. అయిదో వంతు కూడా కాదు. ఇచ్చేవాళ్ళలో మాత్రం వాళ్ళే ఎక్కువ. ఆడవాళ్ళకి జబ్బులు రావా? అందుకని, నీకు ఇష్టమైతే ఇయ్యి తల్లీ. ఇష్టం లేకపోతే ఆ మాట డాక్టరుకి ఒంటరిగా చెప్పు. దాత పనికిరారు అని మాత్రమే ఇంట్లోవాళ్ళతో అంటారు. కారణం చెప్పక్కర్లేదు.

(ఒక యువకుడు: మా తాతగారికి 81 ఏళ్ళండి. శుక్లాల ఆపరేషన్ కూడా అయింది. ఆయన కళ్ళు పనికొస్తాయా?)

పనికొస్తాయి బాబూ. కళ్ళజోడు ఉన్నా, శుక్లాలు తీసినా, షుగరు ఉన్నా ఇవ్వొచ్చు. కణాలు బాగా లేకపోతే ఐబ్యాంకువాళ్ళే చూసుకుంటారు. నువ్వు చెయ్యాల్సింది, పోయిన ఆరు గంటల లోపల ఫోన్ చెయ్యడం. వాళ్ళు వచ్చేలోగా రెప్పలు మూసి తడిదూది పెట్టు, తల కింద దిండు పెట్టు. ఫ్యాను ఆపెయ్యి. ఇంటినిండా జనం ఉంటారు, ఉక్కగా ఉందని ఎవరో ఒకరు మళ్ళీ వేస్తారు. నువ్వు స్విచ్చి దగ్గరే నిలబడు.